టీచరేనా?

మా ఆడపడుచు కూతురి పెళ్ళి విందులో నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ బిరియానీలో ముక్క వెతుక్కుంటూ, “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగింది. టీచర్నని చెప్పాను. ఆవిడకు ముక్క దొరికింది. “ఓ, టీచరేనా,” అని దాన్ని నోట్లో పెట్టుకుంది.

నేను తెలుగు టీచర్ని. విడవలూరు నుంచి సముద్రం వైపు వెళితే, రొయ్యల గుంటలు దాటాక వచ్చే ఒక ఊళ్ళోని హైస్కూల్లో పనిచేస్తున్నాను. వ్యాకరణం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మాటల మధ్యలో ఇరుక్కున్న చిన్న అక్షరాలు నాకు చప్పున కనబడతాయి. ‘టీచరా?’ అంటే అది మామూలు ప్రశ్న. ‘టీచరేనా?’ అన్నప్పుడు మధ్యలో ఒక ‘ఏ’ వచ్చి కూర్చుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు దీన్ని అవధారణార్థకం అని చెబుతాను. అంటే నొక్కి చెప్పడం. ‘వాడే కొట్టాడు’ అంటే ఇంకెవరూ కాదు, వాడే. అయితే అదే ‘ఏ’ ఇంకో పని కూడా చేస్తుంది. ‘ఒక్క ఇడ్లీయేనా?’, ‘ఇంతేనా?’ అన్నప్పుడు ఎదురుగా ఉన్నదాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. ఇన్నేళ్ళుగా జనం నన్ను నొక్కుతున్నది ఈ రెండో ‘ఏ’తోనే.

మా అబ్బాయి డాక్టరు అని ఎవరైనా అంటే, ‘డాక్టరా!’ అని దీర్ఘం తీసి నోరు తెరుస్తారు. సాఫ్ట్‌వేర్ అంటే బెంగుళూరా, హైదరాబాదా అని ఊరు అడుగుతారు. టీచర్ అన్నాక ఇక అడగడానికేమీ ఉండదు. కాస్త జాలిగుండె ఉన్నవాళ్ళు మాత్రం, “ఏం సబ్జెక్టు?” అంటారు. తెలుగు అని చెబితే, “ఓ, తెలుగేనా,” అంటారు. ఒకే మనిషికి రెండు దెబ్బలు. మా లెక్కల మాస్టారికి ఒక్కటే పడుతుంది. ఆ విషయంలో ఆయనంటే నాకు కొంచెం అసూయ కూడా ఉంది.

నాకు కోపం ఎక్కువ. అది మా ఇంట్లోనూ తెలుసు, బడిలోనూ తెలుసు. తెలియనిదల్లా బయటివాళ్ళకే. ఎందుకంటే బయట నేను టీచరమ్మను. టీచరమ్మ కోప్పడకూడదు, చిరునవ్వుతో వినాలి. మీ ఉద్యోగం ఒక ఉద్యోగమేనా అని మొహం మీద అడిగినా, అడిగినవాళ్ళ పిల్లల మార్కులు ఎలా ఉన్నాయో చెప్పి పంపాలి.

బడికి షేర్ ఆటోలో వెళతాను. అందులో రోజూ ఎవరో ఒకరు నా ఉద్యోగం సంగతి నాకు వివరిస్తారు. గుంటల దగ్గర లెక్కలు చూసే ఒకాయన ఉన్నాడు. ఎండాకాలంలో ఆటో కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలుతున్న రోజున ఆయన నా వైపు తిరిగి, “మీకేం మేడం, నీడపట్టు ఉద్యోగం. పొద్దున పోతారు, సాయంత్రం ఇంట్లో ఉంటారు. ఇప్పుడు ఒంటిపూట బడులు గూడా గదా, ఇంగ మద్దేనం నించి ఖాళీనే,” అన్నాడు. మా ఆరో తరగతి గది మీద ఉన్నవి రేకులు. ఆ రేకుల కింద పిల్లలు చొక్కా కాలర్లు పైకి లాగి ఊదుకుంటూ పద్యాలు అప్పజెబుతారు. ఆ నీడపట్టున ఒక్క గంట కూర్చోమని ఆయనను పిలుద్దామనుకున్నాను. అప్పటికే ఆయన దిగాల్సిన చోటు వచ్చింది.

ఖాళీ. ఈ మాట వింటే నా ఒళ్ళు మండుతుంది. ఎండాకాలం సెలవులు రాగానే మా వీధిలో ఒకావిడ తన పిల్లలిద్దరినీ పొద్దున్నే మా ఇంట్లో వదిలేసి, “ఖాళీయే గదక్కా, వాళ్ళకి కాస్త తెలుగు చూడు,” అని వెళ్ళిపోతుంది. వాళ్ళాయన బ్యాంకులో పనిచేస్తాడు. ఆయన ఆదివారం ఖాళీగానే ఉంటాడు కదా అని నేను ఎప్పుడైనా నా డబ్బు లెక్కబెట్టమని ఆయన ముందు పోశానా? చర్చిలో సండేస్కూలు ఎవరు చెప్పాలన్న ప్రశ్న వస్తే అందరి తలలూ ఒక్కసారి నా వైపు తిరుగుతాయి. “మీకు అలవాటేగా సిస్టర్,” అంటారు. అదే సంఘంలో ఒక కరెంటు పనివాడున్నాడు, మేస్త్రీ ఉన్నాడు, దర్జీ ఉన్నాడు. వాళ్ళకు అలవాటైన పని చేయమని అడిగేటప్పుడు ఎవరూ ఇంత ధీమాగా అడగరు.

ఇంకొక వైపు ప్రభుత్వం ఉంది. ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరగమంటుంది. తిరిగితే ఇళ్ళవాళ్ళు, “బడి మానేసి ఈ తిరుగుడేంది మేడం, మా పిల్లకాయలకు చదువెవురు జెప్తారు?” అని గుమ్మంలో నిలబెట్టి అడుగుతారు. నేనేదో సరదాకి వచ్చినట్టు. కోడిగుడ్లు ఎన్ని ఉడికాయో ఫోన్లో ఎక్కించాలి. మరుగుదొడ్లు కడిగారో లేదో ఫొటో తీసి పంపాలి. పద్యం మధ్యలో ఆపి, ఫోను పట్టుకుని మరుగుదొడ్డి ఫొటోకి వెళ్ళి, తిరిగి వచ్చి ఆ పద్యాన్నే అందుకోవడం ఎలా ఉంటుందో నేను రాయను. రాసినా నమ్మరు.

పోనీ, గౌరవం అసలు లేదా అంటే, ఉంది. ఏడాదికి ఒక పూట. గురుపూజోత్సవం నాడు ఊరి పెద్దలు వస్తారు. శాలువా కప్పుతారు. సమాజాన్ని నిర్మించేది మేమేనంటారు. ఓసారి అలా నిర్మాతనైన పావుగంటకే, నాకు శాలువా కప్పిన పెద్దమనిషి పక్కకు పిలిచి, “మేడం, మా మనవరాలిని ఈ బళ్ళో వెయ్యమంటుండాది మా కోడలు. మీరు తెలిసినోళ్ళు గాబట్టి అడగతా ఉండా, వేయొచ్చా?” అన్నాడు. నేను పనిచేసే బడి గురించి నన్నే, అదీ రహస్యంగా. ఆ శాలువా ఇప్పటికీ మా ఇంట్లో ఇస్త్రీ బల్ల మీద పరుచుకుంటాం. ఆ పనికి బాగా ఉంటుంది.

ఇవన్నీ చిన్న విషయాలని నాకూ తెలుసు. తుడుచుకుని పోతూనే ఉన్నాను. తుడుచుకోలేనిది ఒకటి, ఈ మధ్య ఒక ఆదివారం నా ఇంటికే వచ్చింది.

చర్చి నుంచి వచ్చి ఇంకా చీర మార్చుకోలేదు. గేటు ముందు మోటారు సైకిలు ఆగింది. మా బడిలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి తల్లీ తండ్రీ. ఆయన రైతు. ఉన్న మడుల్లో కొన్నింటిని రొయ్యల గుంటలుగా మార్చుకున్నాడు, మిగతావాటిలో వరి వేస్తాడు. ఆ అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. మంచి మార్కులొచ్చాయి, ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో ర్యాంకూ వచ్చిందని అప్పటికే విన్నాను. ఆవిడ చేతిలో వైరు బుట్ట, దాన్నిండా సపోటాలు. వద్దన్నా వినకుండా ఇద్దరూ చెప్పులు గేటు బయటే విడిచారు. ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అంత మర్యాదగా కూర్చున్న మనిషిని చూసి, సంతోషం పంచుకోవడానికి వచ్చారనే అనుకున్నాను. కాఫీ పెట్టాను.

“మేడం, మీరంటే మా పాపకి దేవుడే. మా మాట వినడంలా. మీరే చెప్పాల,” అన్నాడు.

“ఏం చెప్పాలి?”

“ఇంజనీరింగు పోనంటుండాది. టీచర్ ట్రైనింగు జేస్తదంట. ఎవురెన్ని జెప్పినా అదే మాట. మీరు చెప్తే వింటది. టీచర్ కాబాక అని మీరొక్క మాట అనండి మేడం, చాలు.”

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను. “నన్ను చెప్పమంటున్నారా?” అన్నాను.

“మీరే గదా మేడం దానికి ఇష్టం. రేపు అదిగూడా ఇట్టా…” అని ఆగి, గోడ మీది క్యాలెండరు, నా చేతిసంచి, స్టూలు మీద దిద్దాల్సిన పేపర్లు ఒకసారి చూసి, మాట మార్చాడు. “మిమ్మల్ని అనడంలా. మీరు మంచోళ్ళు. మీ కాలంలో ఆడపిల్లలకి వేరే దారి లేదు, చేరినారు. ఇప్పుడు దానికేం ఖర్మ?”

నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నేను పెట్టిన కాఫీ తాగుతూ, నా బతుకును ఖర్మ అన్నాడు. అదీ చేతులు జోడించి అన్నాడు. తిట్టినా ఇంత మంట పుట్టేది కాదు. తిట్టిన మనిషిని తిరిగి తిట్టొచ్చు. నన్ను దేవుడని, తన బిడ్డ మాత్రం నాలాగా కాకుండా చూడమని నన్నే వేడుకునే మనిషిని ఏం చేయాలి? కాలికి చెప్పుల్లేకుండా కూర్చున్నాడు కూడాను.

ఆయన చెబుతూనే ఉన్నాడు. డీఎస్సీ ఎప్పుడు పడుద్దో తెలీదు, పడినా ఉద్యోగం వస్తదో రాదో, అంతదాకా ఏదో ప్రైవేటు బళ్ళో గొడ్డు చాకిరి జేసుకోవాల, సంబంధాలు చూసేటప్పుడు ఏం జెప్పుకోవాల. ఇందులో చాలావరకు నిజమే. ఆ నిజం నాకు తెలిసినంత బాగా ఆయనకు తెలియదు. అయినా నాకు కోపం తగ్గలేదు.

ఆవిడ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. లేవబోతూ, “ఒకటడగతా, ఏమనుకోబాకండి మేడం,” అంది. “ఈ ఉద్యోగంలో చేరినందుకు మీకెప్పుడన్నా బాధేసిందా?”

ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. అందరూ జవాబు తమకు తెలుసనే అనుకున్నారు.

“ఉద్యోగానికి ఎప్పుడూ బాధపడలేదమ్మా,” అన్నాను. “దాని గురించి మీరంతా మాట్లాడే మాటలకు పడ్డాను. ఇప్పుడు కూడా పడుతున్నాను.”

ఆయన గ్లాసులోకి చూశాడు. ఆవిడ ఖాళీ అయిన వైరు బుట్టను మడిచి చంకలో పెట్టుకుంది. అమ్మాయితో మీ ఎదురుగానే మాట్లాడతాను, మీ ఇంటికే వస్తానన్నాను. ఏం మాట్లాడతానో చెప్పలేదు. ఆయన తనకు కావలసినట్టు అర్థం చేసుకుని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళేసరికి వాళ్ళింట్లో ఇంకొకాయన కూడా ఉన్నాడు. ఆ పిల్ల మేనమామ. తడ దగ్గర కంపెనీలున్న చోట ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సెలవు రోజున కూడా మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకునే ఉన్నాడు. అమ్మాయి పెరటి గుమ్మం దగ్గర కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, నవ్వలేదు. తన వాళ్ళు నన్నెందుకు పిలిచారో తెలిసినట్టే ఉంది.

మేనమామే మొదలుపెట్టాడు. “మీరే బుద్ధి చెప్పాల మేడం. ఇంత ర్యాంకు దెచ్చుకోని టీచరేనా? అదీ చిన్న పిల్లకాయలకా? వాళ్ళ ముక్కులు తుడిచేదానికి ఇన్ని మార్కులు దేనికి?”

వచ్చింది, నా ‘ఏ’. అది వినగానే నేను మాట్లాడితే రచ్చవుతుందని పళ్ళు బిగబట్టి, అమ్మాయి వైపు తిరిగాను. “ఎందుకు కావాలనుకుంటున్నావో నువ్వు చెప్పు. వీళ్ళు ఇంతవరకు అడిగారో లేదో నాకు తెలియదు, నేను అడుగుతున్నాను,” అన్నాను.

ఎవరూ అడగలేదని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది.

ఆ పిల్ల అమ్మ చీర చెంగు పట్టుకునే చిన్నపిల్లలా చున్నీ అంచు నలుపుకుంది. తర్వాత చెప్పింది. సెలవుల్లో రోజూ నాన్నకు అన్నం తీసుకుని గుంటల దగ్గరికి వెళ్ళేదట. అక్కడ కాపలా ఉండే మనిషి కూతురు ఒకతె, ఏ బడికీ పోని పిల్ల. దానికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. పలక లేదు, పుస్తకం లేదు. రొయ్యల మేత సంచుల మీద తెలుగులో పెద్ద అక్షరాలుంటాయి కదా, వాటితోనే.

“మొదట్లో అన్నీ విడివిడిగా పలికేది మేడం. మే, త. మే, త. అట్టా చానా రోజులు. ఒకరోజు రెండూ కలిపి ‘మేత’ అనింది. అని, ఆగిపొయ్యి, సంచిలోకి చూసింది. చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. ‘అక్కా, ఇదేనా అది?’ అనింది. అది రోజూ చూసేదే, వాళ్ళ నాయన రోజూ చల్లేదే. కానీ ఆ మాట, ఆ వస్తువు ఒకటేనని అప్పుడు తెలిసింది దానికి. ఒకటే నవ్వు. సంచులన్నిటి కాడికి పొయ్యి మేత, మేత అని తట్టుకుంటా తిరిగింది. ఆ మొహం చూసినాక నాకింకేం చెయ్యబుద్ధి కావడంలా.”

బడిలో నేను ప్రతి ఏడూ చూసే మొహం అది. దాని గురించి ఏ పెళ్ళి విందులోనూ ఎవరికీ చెప్పలేకపోయాను, ఈ పిల్ల నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

మేనమామ కుర్చీలో వెనక్కి వాలాడు. “బాగుండాది. ఎవురొద్దన్నారు? ఉద్యోగం జేసుకుంటా, ఆదివారాలు ఖాళీగా ఉన్నప్పుడు చెప్పుకో. దానికోసరం జీవితం పాడుజేసుకోవాల్నా?”

ఇక నా వల్ల కాలేదు. “బాబూ, మీ ఫ్యాక్టరీలో మిషను చెడిపోతే, ఆ రోజు ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ళతో బాగుచేయిస్తారా?” అన్నాను.

“అదెట్టా మేడం? దానికి ట్రైనింగయినోళ్ళు ఉంటారు.”

“ఈ పిల్ల అడుగుతున్నదీ ఆ ట్రైనింగే.”

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ఆరో తరగతికి వచ్చి కూడా తన పేరు రాయలేని పిల్లలు మా బడికి వస్తారు. ఒకరికి చూపు ఆనదు, చెప్పుకోవడం తెలియదు. ఒకరి ఇంట్లో మాట్లాడేది తమిళం. ఇంకొకరికి కింది తరగతిలో ఎవరో కొట్టిన భయం. ఎవరికి ఏది అడ్డమో కనిపెట్టి, దాన్ని తీసి, అక్షరం లోపలికి పంపాలి. అదంతా ముక్కులు తుడవడం అంటారా? తుడుస్తాం. ముక్కు కారుతున్న పిల్లకు చదువు ఎక్కదు కాబట్టి ముందు ముక్కే తుడుస్తాం. మీ మెడలో ఉన్న ఆ కార్డు మీద మీ పేరు మీరు చదువుకోగలుగుతున్నారంటే, ఎవరో ఒకరు మీ ముక్కు తుడిచారు కాబట్టి. ఇలా ఏదేదో అన్నాను. నా గొంతు పక్కింటి దాకా వినబడి ఉంటుంది. వినబడితే వినబడనీ అనుకున్నాను.

తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయన మొహం తెల్లబోయి ఉంది. “మేడం, మీరు చెప్తారని నేను పిలిస్తే, మీరే దాన్ని ఎగదోస్తుండారా? ఇది నా బిడ్డ జీవితం. మీ పంతం గాదు,” అన్నాడు.

ఎంత కోపంలో ఉన్నా ఆ మాట నాకు గుచ్చుకుంది. రేపు ఆ పిల్లకు ఉద్యోగం రాకపోతే ఓదార్చాల్సింది ఆయనే, నేను కాదు. “మీ బిడ్డ జీవితమే. అందుకే మీ బిడ్డనే అడిగాను,” అని మాత్రం అన్నాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని గుంటల వైపు వెళ్ళిపోయాడు. వచ్చే వారంలో ఇంజనీరింగు కాలేజీలో చేర్చేస్తున్నారని, నాన్న మాట్లాడటం మానేశాడని మర్నాడు ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. నేను ధైర్యం చెప్పబోయి, ఏం ధైర్యం చెప్పాలో తెలియక, అన్నం తిన్నావా అని అడిగాను.

రెండు మూడు రోజుల తర్వాత నేను ఆరో తరగతిలో ఉండగా కిటికీ బయట వరండాలో ఆయన కనబడ్డాడు. గొడవకే వచ్చాడని నడక చూస్తే అర్థమైంది. పాఠం ఆపి బయటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఉండమని చేత్తో సైగ చేశాను. ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆ పూట ఒత్తులు చెబుతున్నాను. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్లను ‘వర్షం’ చదవమన్నాను. వ దగ్గర ఆగింది. వెనక బెంచీలో ఇద్దరు పెన్ను కోసం కొట్టుకుంటున్నారు, వాళ్ళను విడదీశాను. మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాను. ‘వరుషం’ అంది. ఎవరో నవ్వారు. నవ్విన వాణ్ణి లేపి అదే మాట బోర్డు మీద రాయమంటే తప్పు రాశాడు, అప్పుడు అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు మనిషిని పంపి గుడ్ల లెక్క అడిగించారు. చెప్పి పంపాను. ఎవరికో కడుపునొప్పి. మళ్ళీ కిటికీ. ర దగ్గర నాలుక ఎలా ఆగాలో, ష కి ఎక్కడికి పోవాలో ఆ పిల్ల మొహంలో మొహం పెట్టి చూపించాను. మళ్ళీ. మళ్ళీ. రేకుల మీద కాకులు గోల చేస్తుంటే వాటిని మించి అరిచాను. గంట కొట్టారు.

బయటికి వచ్చేసరికి ఆయన అదే స్తంభం దగ్గర ఉన్నాడు. చెమట తుడుచుకుంటున్నాడు. నేను కూడా దెబ్బలాటకు సిద్ధంగానే ఉన్నాను.

“ఈ టైముకి మీరు ఖాళీగా ఉంటారనుకోని వచ్చినా మేడం,” అన్నాడు.

నేను చేతికి అంటిన సుద్ద దులుపుకున్నాను.

“బయట నిలబడితేనే నాకు తల దిమ్మెక్కింది. గొంతు పోదా మీకు?”

“సాయంత్రానికి పోతుంది. పొద్దుటికి వస్తుంది,” అన్నాను.

ఆయన తల ఊపాడు. కండువా ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. ఏదో అనడానికి వచ్చిన మనిషి, అది అనకుండా కిటికీ వైపు చూశాడు. “ఆ పిల్ల చివరికి సరిగ్గా చదివినాదా? గంట కొట్టేసరికి నాకు ఇనపడలా.”

“చదివింది,” అన్నాను.

“ఊ,” అన్నాడు. వెళ్ళొస్తానని కూడా అనకుండా మెట్లు దిగి, మోటారు సైకిలు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మనసు మారిందని నేను అనుకోలేదు. అలసిపోయి ఉన్నాను, తర్వాతి గంట తొమ్మిదో తరగతి. ఆ సంగతి అక్కడితో వదిలేశాను. ఆ పిల్ల నుంచి కూడా మళ్ళీ ఫోను రాలేదు. ఇంజనీరింగులో చేరిపోయి ఉంటుందనుకున్నాను.

చాలా రోజుల తర్వాత, ఒక ఉదయం విడవలూరు సెంటర్లో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. నెల్లూరు బస్సు ఆగే చోట ఆయన మోటారు సైకిలు కనబడింది. వెనక సీటుకు ట్రంకుపెట్టె కట్టి ఉంది, దాని మీద చుట్టిన చాప. ఆ పిల్ల పక్కన నిలబడి నీళ్ళ సీసా సంచిలో సర్దుకుంటోంది. వాళ్ళు నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు. ఏ కాలేజీకి వెళుతోందో తెలుసుకోవాలనీ ఉంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది.

ఆయనకు తెలిసిన రైతొకాయన బండి ఆపాడు. “ఏందన్నా, పెట్టెతో బయల్దేరినారు? పాప యాడికి?”

“హాస్టలుకి. ట్రైనింగులో చేరినాది,” అన్నాడాయన, తాడు ముడి విప్పుతూ.

“ఏం ట్రైనింగు?”

“టీచర్ ట్రైనింగు.”

ఆ బండాయన ఒకసారి పెట్టెను, ఒకసారి పిల్లను చూశాడు. “ఇంజనీరింగు ర్యాంకొచ్చినాదంటిరే. టీచరేనా?”

ఆ పిల్ల చెయ్యి సీసా మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ ‘ఏ’ నా మీద పడుతూ వచ్చింది. ఇప్పుడు టీచరుగా ఇంకా బడి గుమ్మం కూడా ఎక్కని పిల్ల మీద పడింది. ఆటో వచ్చి నా ముందు ఆగింది, డ్రైవరు ఎక్కమన్నాడు. నేను ఎక్కలేదు.

ఆయన ముడి విప్పడం ఆపాడు. నడుం నిటారుగా పెట్టి ఆ బండాయన మొహంలోకి చూశాడు.

“టీచరే,” అన్నాడు. “ఏం?”